రెండింటి నుంచి మూడింటి దాకా

నాకు ప్రార్థన బాగా వచ్చు. గొప్పకు చెప్పడం లేదు, నేరం ఒప్పుకుంటున్నట్టే చెబుతున్నాను. మా నాన్న ఊళ్ళో మిషను బడి పంతులు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇంటిల్లిపాదినీ చాప మీద కూర్చోబెట్టి ప్రార్థన చేయించేవాడు. పిల్లలం వరసగా ఒక్కొక్కరం చెయ్యాలి. తడబడితే మళ్ళీ మొదటి నుంచి. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి "మహోన్నతుడవైన తండ్రీ, కృపాసముద్రుడా, అపాత్రులమైన మమ్మును" అని ఎత్తుకుంటే అయిదు నిమిషాలు ఎక్కడా ఆగేదాన్ని కాదు. ఆ మాటల్లో సగానికి నాకు అర్థం తెలియదు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ కాస్త వణికించాలో మాత్రం బాగా తెలుసు.

అరవైల చివర పెళ్ళయి గోదావరిఖనికి వచ్చాను. మా ఆయన గనిలో పంపు నడిపేవాడు. ఊట నీళ్ళు లోపలి పనిచోట్లకు ఎక్కకుండా తోడెయ్యడం ఆయన డ్యూటీ. వరస క్వార్టర్లలో మాకొకటి ఇచ్చారు. మా సంఘమంటే ఇరవై ఇళ్ళకు మించి ఉండవు. గుడి అంటే రేకుల షెడ్డు. పాస్టరుగారు నెలకొకసారి వచ్చేవారు. మిగిలిన రోజుల్లో ఎవరింట్లో ఏం జరిగినా ప్రార్థనకు నన్నే పిలిచేవారు. బిడ్డకు జ్వరమొస్తే నేనే, కొత్త సైకిలు కొంటే నేనే, కోడి పొదుగుకు కూర్చోకపోయినా నేనే. "చెల్లె ప్రార్థన చేస్తుంటె పానం నిమ్మళమైతది" అనేవారు ఆడవాళ్ళు. ఆ మాట వినడానికి నాకు ఎంత బాగుండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ప్రార్థన చేస్తూ ఒక కన్ను ఓరగా తెరిచి ఎవరెవరు కళ్ళు తుడుచుకుంటున్నారో చూసుకునేదాన్ని.

మా పక్క క్వార్టరులో ఒక అక్క ఉండేది. నాకంటే అయిదారేళ్ళు పెద్దది. వాళ్ళాయన గనిలో బొగ్గు నింపే పనిచేసేవాడు. ఆయనను నేను బావ అనేదాన్ని. కరీంనగర్ దిక్కు పల్లెటూరి నుంచి వచ్చినవాళ్ళు, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళు. పిల్లల్లేరు. ఒకరికొకరు తప్ప ఆ ఇంట్లో ఇంకో ఊపిరి లేదు. బావ డ్యూటీ నుంచి వచ్చే వేళకు అక్క గడపలో కూర్చుని ఉండేది. ఆయన కనబడగానే లేచి, చూడనట్టే లోపలికి వెళ్ళి స్నానానికి నీళ్ళు తోడేది.

అక్క ప్రార్థన కూటాల్లో ఎప్పుడూ నోరు విప్పేది కాదు. ఒకసారి అడిగాను.

"నాకు మాటలు రావు చెల్లె" అంది. "నాది పొలంకాడి బాస. దేవునితోని గిట్ల మాట్లాడితె బాగుంటదా?"

బాగుంటదక్కా, నీకు వచ్చినట్టే మాట్లాడు అని ఉంటే నా నోటి ముత్యాలేం రాలిపోయేవి కావు. అలా అనలేదు. "నేర్పిస్త తీయి" అన్నాను. నాలుగు వాక్యాలు బట్టీ పట్టించాను. తరువాతి శుక్రవారం ఆడవాళ్ళ కూటంలో ఆమె లేచి నిలబడి మొదలుపెట్టింది. రెండో వాక్యంలోనే తడబడింది. మళ్ళీ మొదటికి వచ్చింది, మళ్ళీ అక్కడే ఆగిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. నేనూ నవ్వాను. పైట అడ్డం పెట్టుకుని మరీ నవ్వాను. అక్క కూర్చుంది. ఆ తరువాత మళ్ళీ ఎవరెంత బతిమాలినా లేవలేదు.

డెబ్బైల మొదట్లో ఒక ఎండాకాలం బావకు కామెర్లు వచ్చాయి. ముందు ఎవరో పసరు పోశారు. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. దవాఖానలో చేర్చేనాటికి మనిషి పసుపు ముద్దలా ఉన్నాడు, మాట కూడా తడబడుతోంది. మూడు రోజులు గడవాలె, గడిస్తే చూద్దాం అన్నారు డాక్టర్లు.

మా సంఘపెద్ద గనిలో హాజరు వేసే గుమాస్తా. గనిలో హాజరును మస్టరు అంటారు. ఆయనకు లోకంలో అన్నీ మస్టరు పుస్తకంలాగే కనబడేవి. పాటలు కూడా పేర్లు పిలుస్తున్నట్టే పాడేవాడు. కానీ మనిషి మంచివాడు. బావ సంగతి తెలియగానే షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి గొలుసు ప్రార్థన పెడదామన్నాడు. మూడు పగళ్ళు, మూడు రాత్రులు, ఒక్క గంట కూడా ఖాళీ లేకుండా ఎవరో ఒకరు షెడ్డులో మోకాళ్ళ మీద ఉండాలి.

"షిఫ్టు లెక్కనే" అన్నాడాయన. "రిలీవరు రాంది ఎవ్వలూ లేవొద్దు. మీ గంట అయినంక పుస్తకంల దస్కతు పెట్టున్రి. గొలుసు తెగొద్దు."

అందరికీ అది చక్కగా నచ్చింది. గని మనుషులకు షిఫ్టు అంటే తెలిసినంతగా ఇంకేదీ తెలియదు. రిలీవరు రాకుండా పని వదిలిపెట్టి పోవడం ఎంత తప్పో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అలాగే మస్టరు పడ్డాక పక్కకు జారుకునేవాళ్ళు ప్రతి గనిలోనూ ఉంటారని కూడా అందరికీ తెలుసు. ప్రార్థనకు కూడా ఆ రోగం పడుతుందని మాత్రం ఎవరికీ తట్టలేదు. రాత్రులు మగవాళ్ళు పంచుకున్నారు. పగళ్ళు మాకు. నాకు మూడు రోజులూ మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి దాకా. నా తరువాతి గంట అక్కది. ఆమె దవాఖాన నుంచి నడిచి వచ్చి, తన గంట అయ్యాక మళ్ళీ నడిచి వెళ్ళేది.

మొదటి రోజు బాగానే చేశాను. బాగానే అంటే గట్టిగా చేశాను. షెడ్డులో నేను తప్ప ఎవరూ లేరు, అయినా దారిన పోయేవాళ్ళకు వినబడేలా చేశాను. పావుగంటకు నాకొచ్చిన మాటలన్నీ అయిపోయాయి. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. మళ్ళీ పావుగంట. నాలుగోసారి చెబుతుంటే నా గొంతు నాకే విసుగనిపించింది. వినడానికి మనిషి లేకపోతే నా ప్రార్థనకు బలం లేదని ఆ రోజే తెలిసింది. తెలిసినా, దానికి ఏం చెయ్యాలో ఆలోచించలేదు. గడియారం ఎప్పుడు మూడవుతుందా అని చూశాను.

రెండో రోజు గురువారం. గురువారం మా వరసకు ఒక వారపత్రిక వచ్చేది. ఒకరు తెప్పిస్తే అయిదిళ్ళ వాళ్ళం వంతులేసుకుని చదివేవాళ్ళం. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా నా వంతు. నాలుగింటికి ఇచ్చెయ్యకపోతే అవతలావిడ ఇంటి ముందుకొచ్చి కూర్చుంటుంది. అందులో వచ్చే సీరియల్ అంటే నాకు ప్రాణం. వారమంతా దాని కోసమే బతుకుతున్నట్టు ఉండేది. ఆ రోజు వంట ఆలస్యమై ఒక్క పేజీ కూడా చూడకుండానే రెండయింది. పత్రికను మడిచి పాటల పుస్తకం కింద సంచిలో పెట్టుకున్నాను. చదవాలని కాదు, దారిలో ఎవరైనా అడుగుతారని, అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరడుగుతారు ఆ ఎండలో?

షెడ్డులో నాకు ముందు గంట చేసినావిడ లేచి వెళ్ళిపోయింది. నేను తలుపు వైపు వీపు పెట్టి మోకరించాను. "మహోన్నతుడవైన తండ్రీ" అన్నాను. తరువాత సంచిలో చెయ్యి పెట్టాను. ఒక్క పేజీ అనుకున్నాను. రెండో పేజీ తిప్పాక, ఇంకెంతని, పూర్తి చేసి నిమ్మళంగా ప్రార్థన చేద్దామనుకున్నాను. సీరియల్ అయ్యాక పక్కనున్న చిన్న కథ చదివాను. తరువాత వంటల పేజీ. తల వంచి, మోకాళ్ళ మీదే, పత్రిక ఒళ్ళో పెట్టుకుని చదివాను. లేచి హాయిగా గోడకు చేరగిలబడి చదివినా పాపం ఇంకాస్త తక్కువగా ఉండేదేమో.

వెనక చెప్పుల చప్పుడైతే పత్రికను సంచిలోకి తోసి వెనక్కి తిరిగాను. అక్క. మూడయింది. ఆమె ముఖం ఎండకు కమిలి నల్లగా ఉంది.

"ఎప్పుడొచ్చినవక్కా?"

"నువ్వొచ్చిన కొంచెం సేపటికే. బావకు నిద్రవడితె వచ్చిన. నువ్వు లోపట సప్పుడు లేకుండ మోకాళ్ళ మీదున్నవు. లేపబుద్ధి కాలే. బయట మెట్టు మీద కూసున్న."

మే నెల ఎండ. మెట్టు మీద నీడ జానెడు కూడా ఉండదు. అక్కడ గంటసేపు కూర్చుని నా వీపు చూసింది. నేను పుస్తకంలో దస్కతు పెట్టాను. రెండింటి నుంచి మూడింటి దాకా అని రాసి ఉన్న గీత మీద, చెయ్యి వణకకుండా, అందంగా పెట్టాను.

మూడో రోజు దానికి ఇంతకింత చెయ్యాలనుకున్నాను. అదీ గట్టిగా మొదలై గంట కొట్టకముందే చప్పబడింది.

శనివారం పొద్దున గొలుసు ముగిసింది. బావకు ఆ రోజు కాస్త తెలివి వచ్చింది. గంజి తాగాడు. అక్కతో ఏదో హాస్యమాడాడట కూడా. షెడ్డులో అందరం పాటలు పాడాం. సోమవారం మధ్యాహ్నం ప్రాణం పోయింది.

దినం అయ్యాక, ఇంటి నిండా ఆడవాళ్ళం కూర్చుని ఉండగా, అక్క మొదటిసారి ఏడుపు ఆపి మాట్లాడింది. ఎవరో "దేవుడు ఎందుకిట్ల చేసిండో" అన్నారు. దానికి ఆమె జవాబు.

"నాకు దేవుని మీద కోపం లేదు" అంది. "మూడు దినాలు, మూడు రాత్రులు, ఒక్క గంట గూడ తెగలే. నా మొగని కోసం గింతమంది మోకాళ్ళ మీదున్నరు. మా ఊళ్ళె ఎవ్వలకన్న గిట్ల జరిగిందా? అందరు అడిగిన్రు, ఆయన ఇన్నడు, ఇని గూడ తీసుకపోయిండంటె గది ఆయన ఇష్టం. ఎవ్వలన్న ఒక్కలు అడగకనే ఆయన పోయిండని ఉంటె నేను బతికెటిదాన్ని కాదు."

తరువాత నా వైపు తిరిగింది.

"ఈ చెల్లెను జూసి నేను ప్రార్థన నేర్చుకున్న. గంత మంచిగ మాటలొచ్చిన మనిషి, ఒక్క మాట లేకుండ గంటసేపు గట్లనే ఉన్నది. మాటలు లేకున్నా అయితదని అప్పుడు ఎరికయింది. లోపటికి పోయి నేను గూడ గట్లనే సప్పుడు లేకుండ కూసున్న. నా కడుపుల ఉన్నదంత దేవునికి జెప్పుకున్న."

అందరూ నన్ను చూశారు. భూమి చీలితే బాగుండుననిపించింది. చీలలేదు. నేను తల వంచుకున్నాను. దాన్ని కూడా వినయమనుకున్నారు.

ఇక అప్పటి నుంచి నా పేరు మారిపోయింది. గొంతు బాగున్న చెల్లె కాదు, లోతున్న చెల్లె. ఆడవాళ్ళు వచ్చి "అట్ల సప్పుడు లేకుండ ఎట్ల చేస్తవు?" అని అడిగేవారు. చెప్పాను. ఎంత సిగ్గుమాలినదాన్నంటే, కళ్ళు మూసుకోవాలనీ, ఊపిరి నెమ్మదిగా తీసుకోవాలనీ, మనసు దీపంలా నిలపాలనీ నోటికొచ్చినవన్నీ చెప్పాను. వాళ్ళు వెళ్ళి చేశారు. వాళ్ళలో ఒకరిద్దరికి నిజంగానే వచ్చింది. నాకు రాలేదు.

ప్రయత్నించలేదని కాదు. తలుపులేసుకుని మోకరించి, తప్పయిపోయింది అని చెప్పబోతే "అపాత్రురాలనైన నన్ను క్షమించుము తండ్రీ" అని వచ్చేది, ఎక్కడ గొంతు వణకాలో అక్కడ వణుకుతూ. క్షమాపణ కూడా బట్టీ పట్టినదే. నా నోట్లో నుంచి నా మాట ఒక్కటీ బయటికి వచ్చేది కాదు. నోరు మూసుకుని కూర్చుంటే ఒళ్ళో పత్రిక కనబడేది.

ఒకరోజు ఆగలేక మా ఆయనతో చెప్పేశాను. అన్నం తింటున్నవాడు చెయ్యి ఆపాడు.

"గంటసేపు నేను పంపు ఇడిచిపెట్టి పోతె లోపట మనుషులు మునుగుతరు, ఎరికేనా?" అన్నాడు.

"ఎరికే."

చెయ్యి కడుక్కున్నాక అన్నాడు, "ఆమెకు జెప్పకు. ఆమెకు మిగిలింది గదొక్కటే. నీ బరువు దించుకునేటందుకు గది గుంజుకుంటవా?"

ఆ మాటలో న్యాయముంది. నాకు ఆ న్యాయం సుఖంగా కూడా ఉంది, చెప్పకుండా ఉండటానికి మంచి కారణం దొరికింది కదా. ఏడాదిన్నర ఆ కారణం పట్టుకుని వేలాడాను. అక్కకు కూర వండి పంపేదాన్ని, నీళ్ళు మోసేదాన్ని, తలకు నూనె రాసేదాన్ని. "సొంత చెల్లె కన్న ఎక్కువ" అని ఆమె అందరితో అనేది. ఆమె అలా అన్న ప్రతిసారీ ఇంకో బిందె ఎక్కువ మోసేదాన్ని.

బావ ఉద్యోగం, క్వార్టరు ఆయన తమ్ముడికి ఇచ్చారు. ఆ తమ్ముడికి పెళ్ళయి భార్య వచ్చాక అక్కకు ఆ రెండు గదుల్లో చోటు ఇరుకైపోయింది. నస్పూర్ గనిలో పనిచేసే ఆమె అన్న వచ్చి తీసుకుపోతానన్నాడు. వెళ్ళే రోజు ఆయన ముందుగా సామానుతో స్టేషనుకు పోయాడు. అక్క ఒక సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. రామగుండం స్టేషనుకు పోయే బస్సుకు ఇంకా టైముంది.

"ప్రార్థన చేసి పంపు చెల్లె" అంది. చాప మీద నా ఎదురుగా మోకరించి కళ్ళు మూసుకుంది.

నేను కళ్ళు మూసుకున్నాను. "మహోన్నతుడవైన" అన్నాను. అక్కడ ఆగిపోయాను. తరువాతి మాట రాలేదు. ఎనిమిదో ఏట నుంచి ఎప్పుడూ అలా జరగలేదు. ఎదురుగా ఆమె ఊపిరి వినబడుతోంది. నా మీద ఇంత నమ్మకంతో ఆ మనిషి కళ్ళు మూసుకుని ఉంది, నేను మళ్ళీ అదే దొంగ సరుకు ఆమె చేతిలో పెట్టి బస్సెక్కించబోతున్నాను. నోరు తెరిస్తే వచ్చింది ఇది.

"దేవా, ఆ గురువారం నేను ప్రార్థన చెయ్యలే. అక్క బయట ఎండల కూసున్నది. నేను లోపట కత సదివిన. బావ కోసం ఒక్క మాట అడగలే. దస్కతు పెట్టిన. గొలుసు నా దగ్గర తెగింది."

పెద్దగా కూడా అనలేదు. గొంతు వణకలేదు. కళ్ళు తెరవడానికి భయమేసింది.

అక్క గొంతు వినబడింది. "ఏం కత?"

కళ్ళు తెరిచాను. ఆమె నన్నే చూస్తోంది. ముఖంలో కోపమో దుఃఖమో నాకు తెలియలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. తన భర్త ప్రాణం కంటే ఎక్కువైన ఆ కథ ఏమిటో ఆమెకు తెలియాలి కదా. నేను గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. వారమంతా దేని కోసం కాచుకుని కూర్చున్నానో, దేని కోసం పత్రిక దాచుకుని పోయానో, అందులో ఉన్న మనిషి ఒక్కరైనా, ఒక్క పేరైనా, ఒక్క సంగతైనా. ఏమీ రాలేదు.

"యాదికి లేదక్కా" అన్నాను.

అక్క లేవబోయింది. లేవలేదు. మళ్ళీ సర్దుకుని మోకాళ్ళ మీద కూర్చుంది.

"నువ్వింకా ఆమెన్ అనలే" అంది. "కండ్లు మూసుకో."

మూసుకున్నాను. ఆమె పైకి ప్రార్థన చేసింది. ఆ నాలుగు వాక్యాల రోజు తరువాత ఆమె నోరు తెరిచి ప్రార్థించడం నేను వినడం ఇదే మొదటిసారి.

"దేవా, ఈ పిల్ల జెప్పింది ఇన్నవు గదా. నాకు కోపమొస్తున్నది. మస్తు కోపమొస్తున్నది. నా మొగడు సావుబతుకుల మీదుంటె ఇది కత సదివింది. ఇప్పుడు మాఫ్ చేసిన అంటె అబద్ధమైతది, నీ ముంగట అబద్ధమాడ. ఈ కోపం ఎన్ని దినాలుంటదో నాకు ఎరికలేదు. పొయ్యే దినమొస్తె నువ్వే తీసుకపో. అప్పటిదాంక ఈ పిల్లను మాత్రం ఏమనకు."

ఆమెన్ కూడా ఆమే అంది.

బస్సుకు టైమైందని లేచింది. వెనకే వెళ్ళి ఆమె సంచి అందుకోబోయాను. ఇవ్వలేదు.